దుమ్ము ధర

సొహార్‌లో తెల్లవారి నాలుగింటికి
షెడ్డు మీద పలకలు ఇంకా చల్లగా ఉంటాయి.
అప్పుడే కడగాల.
ఎండెక్కినాక చన్నీళ్లు పడితే గాజు బీటలిస్తాది.
ఏ బడిలోనూ చెప్పలా నాకిది.
మస్కట్‌లో పదకొండేండ్లు ఒకరింటి అద్దాలు తుడిచిన చేతులు
వాటంతటవే నేర్చుకున్యాయి.

ఆ ఇంట్లో నలభై రెండు కిటికీలు.
నెలకింత అని జీతం, కిటికీకింత అని కాదు.
ఇప్పుడు పలకకు నలభై బైసాలని
నా నోటితో నేను చెప్పే ధర.
మొదటి తూరి నాలిక తడారిపాయ.
ఇరవై అనబోతాంటే
బల్ల కింద జువైనా నా కాలు తొక్కింది.

జువైనా నా భాగస్తురాలు, రుస్తాక్ పిల్ల.
కరెంటు చదువు చదివి
మూడేండ్లు ఇంటర్వ్యూలకు పోయి పోయి
ఎవరూ పిలవకపోతే
తానే నన్ను పిలిచింది.
కంపెనీకి గుబార్ అని పేరు పెడదామనింది.
దుమ్ము పేరుతో దుకాణమా అని నేను నవ్వితే
"మరి మనకు తిండి పెట్టేది ఏది, దస్తగిరమ్మా?"

పోయినేడు ఒక మాట మోసుకొచ్చింది:
కరెంటుకూ సంత ఉండాదంట,
అరగంటకొక ధరంట.
గీతలు గీసి చెప్తాంటే
నాకు ఆ పటం అక్కర్లేకపాయ.
మదనపల్లె మండీలో పెరిగినదాన్ని.
పొద్దున పెట్టె ఆరు నూర్లు పలికిన టమోటా
మద్దేన్నానికి యాభైకి దిగితే
తిరుగు బాడుగ దండగని
మా నాయన రోడ్డు వారన కుమ్మరించి
ఖాళీ పెట్టె మీద కూచుని బీడీ ముట్టించినాడు.
ఆ ఎరుపు మీద ఆవులు నడిచినాయి.

మిట్టమద్దేనం అందరి పలకలూ కాస్తాయి,
ధర పడిపోతాది.
పొద్దు వాలేటప్పుడు ఎండ తగ్గుతాది, ఏసీలు తగ్గవు.
గిరాకీ అప్పుడుండాది.
"అయితే పడమటి వాలు ముందు కడగాల,
వారానికి రెండు తూర్లు," అన్నా.
జువైనా పెన్సిలు ఆగిపోయింది.

టెండరు గదిలో పద్నాలుగు మంది మగోళ్లు,
మేమిద్దరం, ఒక ఖర్జూరం పళ్లెం.
"మీ బాస్ ఎప్పుడొస్తాడు?"
కోటాయన ఎంతో మర్యాదగా అడిగినాడు.
"వచ్చేసింది," అన్నా
నాకొచ్చిన వంటింటి అరబ్బీలో.

బ్యాంకు హామీకి
జువైనా వాళ్లమ్మ వెండి కడియాలు పోయినాయి.
గాజు కడిగేదానికి
నా గాజులు కుదువ పెట్టినా.

పనంతా ఇయ్యలా.
పడమటి షెడ్డు ఒకటే, ఆర్నెల్లు, చూస్తామనిరి.
తూర్పుది ఒక పెద్ద కంపెనీకి పాయ.
మిషన్లతో కడుగుతారంట. కడగనీ.

కుసుమావతి పైపు పట్టుకుంటాది,
ఓబులమ్మ చివరి వరస నుంచి అరుస్తాది,
బురద నీళ్లు తూములో దిగుతాంటే
అవి రియాళ్ల మాదిరి కనపడతాయి నాకు.
కొన్ని దినాలు బురద మాదిరే కనపడతాయి.
జూన్‌లో మూడు వారాలు గాలి ఆగలేదు,
కడిగిందంతా మళ్లీ కడిగినాము, మా ఖర్చుతో.

ఈ తీగ హద్దు దాటి ఎమిరేట్లకు పోతాదంట,
ఆడ నుంచి ఇంకా పైకి, కువైట్ దాకా.
దానికి కఫీల్ లేడు.
దాని పాస్‌పోర్టు ఎవరి బీరువాలోనూ లేదు.

కువైట్‌లో మా చెల్లెలు మాబున్నీ
ఈ వేళకు ఎవరివో తెల్లంగీలు ఇస్త్రీ చేస్తాంటాది.
"ఆ పెట్టెలో వేడి నాదేనేమో," అని ఫోన్లో అన్నా.
"బిల్లు మాత్రం పంపొద్దక్కా," అని నవ్వింది.

వచ్చే నెల దాని కాంట్రాక్టు తీరిపోతాది.
ఈ పక్కకు రమ్మన్నా.
తెల్లారి నాలుగింటికి లేయగలవా అంటే
కాసేపు ఏమీ మాట్లాడలా.
ఇస్త్రీపెట్టె కింద పెట్టిన చప్పుడు.

"పలకకెంతిస్తావు?" అనింది.