మించకూడదు అంటే

గ్రిమ్స్‌బీలో జనవరి.
కౌన్సిల్ ఆఫీసు మూడో అంతస్తులో
హీటరు పక్కనే నా కుర్చీ.
చలికాలం బిల్లుకి సాయం కోరే పేజీ నేను రాసిందే:
పేరు, వయసు, బ్యాంకులో ఎంతుంది,
అడుగున ఒక ఆకుపచ్చ బటన్.

కింది అంతస్తు నుంచి గారెత్ ఫోను.
"ఎల్సీ బ్లాంచర్డ్ అని, ఎనభై ఒక్క ఏళ్ల ఆవిడ,
నాలుగుసార్లు నొక్కిందట.
నాలుగుసార్లూ ఎర్రక్షరాలే.
ఎందుకో నువ్వే చెప్పు."

ఆవిడ దాచుకున్నది ఆరు వేల పౌండ్లు.
ఒక్క పెన్నీ ఎక్కువ లేదు, తక్కువ లేదు.
తన శవపేటికకీ, చర్చిలో ఆర్గన్ వాయించేవాడికీ,
ఆనక వచ్చినవాళ్ల టీకీ, హామ్ శాండ్‌విచ్‌లకీ
లెక్కకట్టి గుండ్రంగా ఆపిన అంకె.

కాగితం మీది నిబంధన: ఆరు వేలకు మించకూడదు.
నేను రాసింది: ఆరు వేల కంటే తక్కువ.
రెండూ ఒకటేగా అనుకున్నాను ఆ మధ్యాహ్నం,
ఒక చేత్తో చిప్స్ తింటూ.
రెంటి మధ్యా మనిషి పట్టేంత సందు ఉంది.
అందులో ఎల్సీ నిలబడి ఉంది,
కోటు వేసుకుని, తన వంటింట్లోనే.

మన భాషలో షరతు చివర్న వస్తుంది.
ఉంటే, వస్తే, మించితే:
మాటంతా విన్నాక, తోక దగ్గర చిన్న "తే".
ఇక్కడ "ఇఫ్" ముందే వచ్చి గుమ్మంలో నిలబడుతుంది,
బ్రాకెట్లు రెండూ చేతుల్లా అడ్డంపెట్టి.
నువ్వెవరో తర్వాత సంగతి, ముందు నీ అంకె చెప్పు.

సమానం గుర్తుకీ నాకూ పాత తగువు.
రెండుసార్లో మూడుసార్లో కొడితే అది ప్రశ్న.
ఒక్కసారే కొడితే హుకుం.
అక్టోబరులో నిద్రమత్తులో ఒకటే కొట్టాను:
అర్హత = నిజం.
అడగలేదు. అనేశాను.
టెస్ట్ సర్వర్లో ఆ రాత్రంతా
ఊళ్లో అందరూ అర్హులే,
చేపల ఫ్యాక్టరీ యజమాని,
నాలుగిళ్ల ఆసామి,
పరీక్ష కోసం నేను పుట్టించిన
నూట నలభయ్యేళ్ల ముసలాయన కూడా.
పొద్దున్నే చూసి నాలిక్కరుచుకుని దిద్దాను.
నేను చేసిన తప్పుల్లోకెల్లా దయగలది అదే.

ఇవాళ దిద్దాల్సింది ఇంకా చిన్నది.
గుర్తు పక్కన ఒక సమానం. ఒక్క కీ.
ఐదు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది పెట్టాను, వెళ్లింది.
ఆరు వేలు, వెళ్లింది.
ఆరు వేల ఒకటి.
ఎర్రక్షరాలు.
అంతా సరిగ్గా ఉందని తెర మీద పచ్చ టిక్కు.

"ఐదోసారి నొక్కమను" అన్నాను.
గారెత్ లైన్లోనే ఉన్నాడు.
అవతల ఇంకో ఫోనులో ఆవిడ దగ్గు.
"నొక్కింది. మళ్లీ ఎర్రే.
బ్యాంకువాళ్లు నిన్న వడ్డీ వేశారట,
నలభై పెన్నీలు."

"ఖర్చుపెట్టెయ్యమను."

కాసేపు ఏమీ వినబడలేదు.

"నలభైకి ఏమొస్తుంది,
అని అడుగుతోంది."