శివారు తూముకి ఒక చెవి

రావులపాలెంలో అరటిమండీ మీద నా అద్దెగది.
కింద లారీలెక్కే గెలలు, పైన నా స్క్రీను.
దాళ్వాకి వంతులు పెట్టారు కదా,
ఆ వంతుల యాప్ రాస్తున్నాను.
తూముకొక బొత్తాం,
బొత్తాం మీద రెండే మాటలు:
"నీళ్లు రాలేదు."

మొదట్లో బొత్తానికొక చెవి కుట్టాను.
మూడువందల పన్నెండు తూములు,
మూడువందల పన్నెండు చెవులు.
వేలు తగిలితే చాలు, పక్కనే కూచున్నట్టు పలికేది.
కానీ కౌలురైతు చేతిలో ఏడువేల ఫోను
అన్ని చెవులూ మోయలేక
అట్లపెనంలా కాలింది.

ఇన్నెందుకంది ఫ్రేమ్‌వర్కు.
పైన లాకుల దగ్గర ఒక్కడు వింటే చాలదా?
నిజమే.
కింద ఏ బొత్తాం నొక్కినా
ఆ సంగతి బుడగలా తేలి
బోదెలోంచి పిల్లకాలవకి,
పిల్లకాలవలోంచి పెద్దకాలవకి ఎదురెక్కి
లాకుల దాకా వచ్చేస్తుంది.
అక్కడున్న ఒక్క చెవి
"ఎవరు బాబూ, ఏ తూము?" అని అడిగి రాసుకుంటుంది.
మిగతావన్నీ చెరిపేశాను. ఫోను చల్లబడింది.
ఆ రాత్రి గర్వంగా
మండీవాడినడిగి రెండు చక్కెరకేళీలు తిన్నాను.

కొందరు ఒకే బొత్తాం ఎనిమిదిసార్లు నొక్కుతారు.
అవి ఎనిమిది మాటలు కావు, ఒక్క ఆదుర్దా.
అందుకని వేలు ఆగేదాకా ఆగి
చివరి నొక్కుడొకటే వినమన్నాను.
అరసెకను.
కుర్చీలో ఉన్న నాకు అరసెకను.
గట్టు మీద నిలబడ్డ మనిషికి ఎంతో
నేను కొలవలేదు.

బుధవారం చీకటిపడ్డాక
శివారు నుంచి దయామణి సైకిలు తొక్కుకుంటూ వచ్చింది.
నా దగ్గరికి కాదు, లొల్ల లాకులకి.
ఎకరం ముప్పావు కౌలు. చేను పొట్ట మీద ఉంది.
మడి నెర్రెలిచ్చింది.
"నాలుగు రోజుల్నించీ నొక్కుతున్నాను,
మీ యాప్‌కి చెవుడా?"

వెతికితే దొరికింది.
మధ్యలో మెనూ తెరిచే పెట్టెలో
ఎవరో ఒక్క వాక్యం రాశారు:
ఇక్కడితో ఆపు, పైకి పోనివ్వకు.
తన మెనూ మూసుకుపోకూడదని, అంతే.
పైమడి ఆసామి బోదెకడ్డంగా
నాలుగు పారల మట్టేసుకున్నట్టు.
కిందెవరున్నారో చూడాలని తోచదు.
ఎవరో అన్నాను కదా.
ఫైలు చరిత్రలో నా పేరే ఉంది,
మార్చి నెల, రాత్రి ఒంటిగంట.

రోజ్‌లిన్ ఒక ఉపాయం చెప్పింది.
"సంగతి ఎక్కేముందు ఒకసారి దిగుతుంది కదా,
పైనుంచి బొత్తాం దాకా.
దిగేటప్పుడే వినెయ్యి, నీ పెట్టె ఆపలేదు."
బాగుంది. కానీ అలా వింటే
కిందవాడు నోరు తెరవకముందే
పైవాడు తీర్పు రాసేస్తాడు.
మన కాలవల మీద అది కొత్తా?

చిట్టబ్బులు ముప్పైరెండేళ్లు లస్కరు.
దిగిపోయి తొమ్మిదేళ్లయింది.
ఇప్పటికీ రాత్రి రెండింటప్పుడు
షట్టరుకి నీళ్లు తగిలే చప్పుడు మారితే
లేచి కూచుంటాడట.
తెర తీసేశారు, బొత్తాం తీసేశారు,
చెవి తీసెయ్యమని ఎవరూ రాయలేదు.
మా పనిలో దాన్ని లీకంటాం, తప్పంటాం.
ఆ బుధవారం కొత్త లస్కరు ఫోను చూసి
"ఫిర్యాదులేం లేవమ్మా" అన్నాడు.
దయామణి వెళ్లి తట్టింది
ఆ తీసెయ్యని చెవినే.
ఆయన టార్చిలైటు పట్టుకుని
గట్టెంట నడిచాడు.

ఆపమన్న వాక్యం కొట్టేశాను.
మెనూ ఇప్పుడు ముట్టుకుంటే మూసుకుంటోంది,
ఆఫీసరు గారికి చిరాకు.
శివారు తూములు పదిహేడు.
వాటికి మాత్రం మళ్లీ విడివిడిగా చెవులు కుట్టాను.
"ఇది పద్ధతి కాదు" అంది రోజ్‌లిన్.
కాదు.
ఫోను కాస్త వెచ్చబడుతుంది,
అరచేతికి తెలిసేంత.
ఈసారి కొలిచాను.

దయామణి తూము నుంచి
వారమైనా నొక్కుడు లేదు.
నీళ్లందాయో,
నమ్మకమే ఎండిపోయిందో.
నొక్కని వేలుని వినే చెవి
నాకు రాయడం రాదు.