ఉల్లిపొట్టు

మార్కెట్ల నాన్న ఉల్లిగడ్డలు కొనలే,
పొట్టు అడిగిండు.
గోనెల కింద రాలిందంతా సంచిలకు దులిపి
"ఏం జేస్తవ్ పెద్దాయనా, పరుపు కుట్టిస్తవా?"
అన్నడు బండాయన.

రేపు ఈస్టర్.
ఎస్తేరు షాపూర్ నగర్ అంతా తిరిగి
రంగుల ప్యాకెట్ తెచ్చుకున్నది.
నాన్న కళ్లద్దాలు ఎత్తి, దించి, మళ్లా ఎత్తి
వెనక అచ్చయిన చిన్నక్షరాలు చదివిండు.
ఏమనలే.
ప్యాకెట్ అల్మారా మీదికి పోయింది.

ఇరవై ఆరేండ్లు జీడిమెట్లల రంగుల కంపెనీ.
ఏ షిఫ్టుల ఏ రంగు నడిచిందో
అమ్మకు తలగడ గలీబే చెప్పేది.
నాకు ముద్దలు కలిపి పెట్టే చేతికి
గోళ్ల చుట్టూ ఊదా నెలవంకలు.
అందరి నాన్నలకూ ఉంటయనుకున్న,
బడిల పక్కపిల్ల నాన్నను చూసేదాక.

పాలగిన్నెల పొట్టు ఉడుకుతున్నది.
ఇల్లంతా దావత్ వాసన, కూర మాత్రం లేదు.
రెండో పొయ్యి మీద పసుపు.
బీట్‌రూట్ మోసం చేసింది:
గిన్నెల నెత్తురు, గుడ్డు మీద పాత ఇటుక.
ఎర్ర క్యాబేజీకి పేరొకటి, నీళ్లొకటి.
ఇంత వెనిగర్ పోసి ఫ్రిజ్‌ల పెట్టి
"పొద్దుగాల చూడు" అన్నడు నాన్న.
ఒక గుడ్డుకు కొత్తిమీరాకు అంటించి
పాత బనీను పేలికల బిగించి దారం చుట్టిండు,
నాలుగు చుట్లు, పైన ముడి,
చేతులు మరిచిపోలేదు.

ఒకటి పగిలింది. పారేద్దామంటే
"ఉండనీ" అని దాన్నీ క్యాబేజీ నీళ్లల్ల ముంచిండు.

పొద్దుగాల గుడ్లన్నీ నీలం.
చర్చికి పోయే తొందర్ల పగిలిందాన్ని ఒలిస్తే
తెల్లసొన మీద సన్నటి నీలి గీతలు,
ఒకదాంట్లకెళ్లి ఒకటి,
నిలబడి పనిచేసిన నాన్న పిక్కల మీద నరాల లెక్క.
ఎస్తేరు ఉప్పద్దుకుని సగం కొరికింది.
నాన్న సాక్సు ఒకటే తొడుక్కొని
అట్లనే చూస్తున్నడు.
ఆయన చేసిన రంగును
ఎవరన్న నోట్ల పెట్టుకునుడు ఆయన చూడలే ఎప్పుడూ.
"ఎట్లున్నది?"
"గుడ్డు లెక్కనే ఉన్నది తాతా."

లోపలి గదిల అమ్మ
తలగడ గలీబు విప్పి వెలుగుకు పట్టి చూసింది.
ఐదు వేళ్ల పసుపు.
"మళ్లా డ్యూటీ ఎక్కినవా" అని
బకెట్ల వేయకుండ మిద్దె మీదికి తీస్కపోయింది.
ఇది ఎండకేస్తే పోతదట.