గోర్ల రంగు ప్రయోగం

బచ్చన్నపేట దిక్కు, మా గురుకులం వెనుక అరెకరం నేల.
సగం జొన్న, సగం పత్తి,
గట్టు పొంటి రెండు సాళ్ల కంది.
వాన మొఖం చూసి ముప్పై ఒక్క రోజు.

మైక్రోస్కోపు ఒక్కటే, పిల్లలు ముప్పై ఆరు మంది.
ఆకు పొర ఒలవడానికి బ్లేడ్లు ఇవ్వద్దని ప్రిన్సిపాల్ మాట.
అందుకే మా చెల్లె పెళ్లికి కొన్న సీసా తెచ్చిన,
రంగు లేని గోర్ల రంగు.
ఆకు అడుగున పూసి, ఆరినాక
టేపు అంటించి లాగితే
పాము కుబుసం లెక్క
ఆకు అచ్చు ఊడి వస్తది.

పొద్దున ఏడింటి అచ్చుల
వందల నోర్లు, సగం తెరిచి,
ఏదో చెప్పబోయి ఆగినట్టు.
పగటీలి పన్నెండున్నర అచ్చుల
అవే నోర్లు.
ఒక్కటీ తెరిచి లేదు.

చిందం భార్గవి అద్దం మీది నుంచి కన్ను తియ్యలేదు.
"ఎవరు చెప్పిన్రు మేడం, మూసుకోమని?"

వేర్లు.
కింద మన్ను ఎండుతున్నదని
వేరు కొసకే ముందు తెలుస్తది.
కాడ గుండ ఒక చేదు కబురు పంపుతది.
పైన ఆకు ఇంకా పచ్చగనే ఉంటది,
చూసేటోళ్లకు ఏమీ కనబడదు,
లోపల మాత్రం తలుపులు పడతయి.

"అయితే మంచిదే గద."

దప్పి ఆగుతది బిడ్డా,
ఆకలి ఆగదు.
నీళ్లు పోయే తొవ్వ, గాలి వచ్చే తొవ్వ ఒక్కటే.
మూసుకున్నన్ని దినాలు
మొక్క తన ఒంటినే కొంచెం కొంచెం తింటది.

భార్గవి ఇది రాసుకోలేదు.
కిటికీల నుంచి జొన్న దిక్కు చూసింది.
ఆకులన్నీ సన్నగ చుట్టుకొని నిలబడ్డయి.
"మా అమ్మ సిరిసిల్లల బీడీలు చుడతది, మేడం.
వెయ్యి అయ్యేదాక నీళ్లు తాగదు.
తాగితే లేవాలె గద."

గంట కొట్టిన్రు. అన్నాలకు పోయిన్రు.

పత్తి మొన్ననే గూడ రాల్చింది,
పిల్లల్ని విడిచి తల్లిని బతికించుకునే లెక్క.
ఆ లెక్క తప్పని చెప్పే ధైర్యం నాకు లేదు.
కంది ఎవరితో మాట్లాడదు.
దాని పనంతా కింద,
మా బోరు కన్నా ఓపికగ.

ముప్పై ఎనిమిదో నాడు వాన పడ్డది,
రాత్రి, కరెంటు పోయినంక,
రేకుల మీద.

తర్వాత కుండీల ప్రయోగం పెట్టిన.
ఒకటో కుండీ జొన్న ఇదివరకే ఒకసారి వాడి లేచింది.
రెండోది రోజూ నీళ్లు తాగి పెరిగింది.
రెంటికీ ఒకేనాడు నీళ్లు ఆపితే
ఒకటోది రెండు రోజులు ముందే నోరు మూసింది.
ఎండిన మొక్కకు గుర్తుంటది,
మళ్లొచ్చే ఎండకు అది తయారుగ ఉంటది
అని బోర్డు మీద రాసిన,
చాక్‌పీసు దుమ్ము చేతుల కింద రాలంగ,
కొంచెం గర్వంగనే రాసిన.

ఇయ్యాల రికార్డులు దిద్దుతున్న.
భార్గవి పట్టిక సాపుగ గీసింది.
అచ్చులు రెండూ అంటించింది, కొలతలు సరిపోయినయి.
'తేలిన విషయం' అన్న కాడ మూడు వరుసలు:

ఒకటో కుండీకి గుర్తున్నది.
రెండో కుండీకి తెల్వదు, తెలిసే అవసరం రాలేదు.
నాకు రెండో కుండీ కావాలని ఉన్నది.

పది మార్కులకు వెయ్యాలె.
ఎర్ర పెన్ను మూత
ఇంకా తియ్యలేదు.