పానగళ

సిరొంచ సంతల బట్టలాయన
ఎర్రాకుల ముక్క పరిచి
మరాఠీల "పానగళ" అన్నడు.
ఆకురాలే కాలమని.

పోసుబాయికి "పానం గల" అని ఇనవడ్డది.
పానం గల బట్ట!
నూనెకని తెచ్చిన పైసలతోటి
మీటరున్నర కోయించుకున్నది.

ఏ చెట్టువో ఆ ఆకులు,
ఐదు వేళ్లు చాపిన చేతుల్లెక్క.
మా టేకు మాఘందాక రాలదు,
ఇప్పుడు ప్రాణహిత ఒడ్డంత రెల్లుపూలే.

మిషన్ మీద రెండు గలీబులైనయి,
రొట్టెలు చుట్టే గుడ్డొకటి,
ఇంకా మసిగాని మసిబట్టొకటి.
ఒక్క ఆకునూ నడుమకు కోయలే,
కత్తెర అంచు చుట్టూ తిరిగి పోయింది.
మిగిలిన పీలికలు బొంతల కలిపింది,
చలి ఇంకా గడప దాటలే.

ఆ మాటకు అర్థం చెప్దామని
పక్కన పోయి కూసున్న.
సూదిల దారమెక్కియ్యమన్నది,
కండ్లు ఆనుతలేవట.

ఎక్కిచ్చి ఇచ్చిన.