ఆది

నాది గుర్రపు కూలి. బడితో నాకేం పని?
మొఖోట్లాంగ్ సంత దాటాక
రోడ్డు చేతులెత్తేసే చోట
నా గుర్రం మొదలవుతుంది.
మూట పైకెక్కితే డబ్బులు.
మూటలో ఏముందో గుర్రమూ అడగదు, నేనూ అడగను.

ఆ ఫిబ్రవరిలో మాపులెంగ్ వచ్చింది.
ఆస్పత్రిలో నర్సుగా చేసి దిగిపోయిన మనిషి,
మోకాళ్ళు రెండూ అరిగిన మనిషి,
చంకలో ఒక ఎర్ర స్వెట్టరు.
చలికి తెచ్చుకుందనుకున్నాను.
బడి ముందు బండమీద కూర్చుని
దాన్ని విప్పడం మొదలుపెట్టింది.

"కాలు పెట్టు నాన్నా."
మడమ నుంచి బొటనవేలి దాకా ఒక పోగు,
పుటుక్కున తెంపి, కొసకి పేరు రాసిన చీటీ.
పగుళ్ళ కాళ్ళు, పేడ ఎండిన కాళ్ళు,
సిగ్గుపడి ఒకదాని వెనక ఒకటి దాక్కునే కాళ్ళు.

పోయినేడు ఎవరో సముద్రాల అవతలి నుంచి
పెట్టెనిండా జోళ్ళు పంపారు.
మంచివాళ్ళే, కాదనను.
అందులో ఎత్తుమడమల పెళ్ళి జోడొకటి వచ్చింది.
మా పక్కింటావిడ ఇప్పటికీ
అందులో ఉప్పు పోసుకుంటుంది.
అందుకే ఈసారి
కాళ్ళే ముందు ఊరు దిగాలంది మాపులెంగ్,
జోళ్ళు తర్వాత ఎక్కుతాయట.

స్వెట్టరుకి ఒక చెయ్యి మిగిలింది.
దాని అంచున వేలాడే పోగు
నా జేబులోకి ఎలా వచ్చిందో
నన్నడక్కండి.

మా మొయెకెట్సి ఆ రాత్రి ఇంటికొచ్చాడు,
నెలకొకసారి, పిండి కోసం.
పై కొండమీద ఒకరి మంద కాస్తాడు,
ఏడాదికి ఆరు గొర్రెలు.
తొమ్మిదేళ్ళు.
దుప్పట్లోంచి పాదం బయటపడి ఉంది.
దీపం పెట్టలేదు. వేళ్ళతోనే వెతికి కొలిచాను,
దొంగ సొత్తు కొలిచినట్టు.

మర్నాడు సంతకు దిగుతుంటే
మాపులెంగ్ పోగులు లెక్కపెట్టింది.
మళ్ళీ లెక్కపెట్టింది.
"బడిలో ముప్పైమంది" అంది, గాలితో అన్నట్టు.
నేను గుర్రం పట్టీ బిగించాను,
బిగించి ఉన్నదాన్నే.

మే నెలలో మూట ఎక్కింది.
ముప్పై జతలు ముప్పైమందికి.
టీచరు చేతిలో ఒక జత మిగిలిపోయింది.
"ఇంటికి పట్టుకెళ్ళనా?" అన్నాను.
అంతకంటే తెలివితక్కువ మాట నా నోట ఎప్పుడూ రాలేదు.
"వద్దు. దీని కాలే వస్తుంది" అంది మాపులెంగ్.
కిటికీలో పెట్టించి దిగిపోయింది.

జూన్ అంతా కిటికీలోనే ఉన్నాయి,
మంచు ఒకసారి వాటిలోకి దూరి చూసి పోయింది.
మా కొండల్లో మాట గుర్రం కంటే ముందెక్కుతుంది.
ఒక పొద్దున బడి వాకిట్లో
నలభై గొర్రెలు నిలబడి ఉన్నాయి,
వాటి మధ్య మావాడు.

జోడు ఒక వేలు పొట్టి.
నిద్రలో ముడుచుకున్న పాదానికి కొలత తీశాను కదా.
టీచరు కూరగాయల కత్తి తెచ్చి
ముందుభాగం కోసేసింది.
లోపలినుంచి బొటనవేలు తొంగిచూసింది,
వీడికంటే ముందే అక్షరాలు చూద్దామన్నట్టు.

మంద యజమానితో నేనేం మాట్లాడానో,
ఎన్నిసార్లు టోపీ తీశానో, అది ఇక్కడొద్దు.
ఆరు గొర్రెలు మూడయ్యాయి.
పొద్దున బడి, మధ్యాహ్నం మంద.
ఆ చలికాలం జొన్నంబలి
ఇంకాస్త పలచబడింది.

మళ్ళీ ఫిబ్రవరి. మళ్ళీ మాపులెంగ్,
ఈసారి నీలం స్వెట్టరు.
కూలి డబ్బులు నా చేతిలో పెడుతూ
నోట్ల మడతలో ఒక పోగు పెట్టింది.
నేను తల ఎత్తలేదు.
గుర్రం కూడా ఎటో చూస్తోంది.

"ఈసారి," అంది,
"వాడు మేలుకుని ఉండగా కొలువు."