తెల్లాయన

గ్రిమ్స్‌బీ రేవులో చేపల షెడ్డు.
తెల్లవారుజాము నాలుగున్నర, లోపల రెండు డిగ్రీలు.
భీమవరం కంపెనీ కొన్న షెడ్డుకి
భీమవరం పంపిన మేనేజర్ని నేను.

డెరిక్ కత్తి పట్టి నలభై ఏళ్ళు.
కాడ్ చేప వెన్ను మీద ఒక్కటే గీత,
ముల్లు ముల్లుగా, కండ కండగా.
ఆ గీతకి ఎన్ని సెకన్లో
ట్యాబ్‌లో రాసుకోవడం నా పని.
కత్తిపీట ముందు కూర్చుంటే
బొచ్చె చేపని నేనూ బాగానే కోస్తానని
ఇక్కడెవరికీ చెప్పలేదు.

నా పేరు వకుళ.
మొదటివారం అతని నోట్లో అది వాక్యూమ్.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను,
గ్లవ్స్ లోపల గోళ్ళు అరచేతిలో దిగేదాకా.

అప్పట్నించే అనుకుంటా, బ్రేక్‌లో అక్కకి ఫోన్ చేస్తే
మా తెల్లాయన ఇలా అన్నాడే,
మా తెల్లాయనకి చెబితే ఎక్కదే.

నిన్న టీ మగ్గు నా వైపు జరిపి అడిగాడు:
"టెలాయన అంటే ఏంటి?
నన్ను చూస్తూ అంటావు, రోజూ."

పెద్దాయన అని అర్థం, గౌరవం.
అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.
అందులో సగం నిజమే, 'ఆయన' ఉంది కదా.
ఉన్నదున్నట్టే చెప్పేశాను.

చాలాసేపు టీ ఊదుకున్నాడు.
"తెల్లగానే ఉన్నాగా," అన్నాడు.
నవ్వలేదు.
"పేరు డెరిక్."

ఇవాళ లైన్ దగ్గర
"వకులా, ఐస్ అయిపోయింది" అని కేకేశాడు.
ళ పలకలేదు. నేను దిద్దలేదు.
ఐస్ తెప్పించాను.
అతని సెకన్లు రాసుకున్నాను,
ఎప్పటిలాగే.